రంగం పెద్దమ్మకు రాసిపెట్టిన ఉత్తరం

మొన్న ఎండాకాలంలో నా షెడ్డు ఖాళీ చేశాను. కాశీబుగ్గలో చేత్తో బోర్డు రాయించుకునే మనిషి ఇప్పుడు లేడు. కొత్త షాపు పెట్టేవాడు పొద్దున్నే బరంపురం బస్సెక్కి, సాయంత్రానికి ఫ్లెక్సీ చుట్టుకుని దిగిపోతున్నాడు. ఆ ఫ్లెక్సీల్లో అక్షరాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒత్తు ఎక్కడ వేలాడాలో కూడా తెలియని యంత్రం అది. సరే, నా గోడు ఎవరిక్కావాలి. అటక మీది నుంచి పాత ట్రేసింగ్ కాగితాల చుట్ట ఒకటి దించితే, ముట్టుకోగానే దాని రబ్బరుబ్యాండు పొడైపోయింది. విప్పి చూశాను. కాగితం నిండా సున్నాలు. కొన్ని పైకి నోరు తెరిచినవి, కొన్ని కిందికి తెరిచినవి, కొన్ని పక్కకి. మధ్యలో మడతపెట్టిన కవరు ఒకటి, నా పేరు మీద, మన దేశానిది కాని స్టాంపుతో.

రంగం పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పోయి అప్పటికి మూడేళ్లు.

రంగం అంటే రంగూన్. మా తాతల కాలంలో ఉద్దానంలో పంట పోయినా, ఇంట్లో అన్నదమ్ములు తగువులాడుకున్నా, మనిషి రంగం ఓడెక్కేసేవాడట. అలా వెళ్లినవాళ్ల కడుపున అక్కడే పుట్టి, అక్కడే పెళ్లాడి, ముప్పై ఏళ్లు దాటాక అక్కడి ప్రభుత్వం పొమ్మంటే ఇక్కడికి వచ్చిన మనిషి ఆవిడ. మొగుడు వచ్చిన నాలుగేళ్లకే పోయాడు. పిల్లల్లేరు. పలాస స్టేషన్ నుంచి కాశీబుగ్గ వచ్చే దారిలో, నా షెడ్డు పక్కనే టీకొట్టు. అసలు పేరేమిటో నాకు తెలియదు. రేషన్ కార్డు మీద ఉండే ఉంటుంది, నేనెప్పుడూ చూడలేదు. కొట్టుకి బోర్డు నేనే రాసిపెడతానన్నాను. ‘బర్మా టీ స్టాల్’ అని ఎర్ర రంగులో, పసుపు నీడతో వేద్దామని నా ఆశ.

“అదంతా దేనికి బావూ? టీ అని రాయి, సాలు,” అంది.

టీ అని రాశాను. నా సర్వీసులో అంత చిన్న బోర్డు ఇంకెవరికీ రాయలేదు.

ఆవిడ చుట్ట తాగడం గురించి చెప్పాలి. మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే, చుట్ట ముట్టించి నిప్పు ఉన్న కొసే నోట్లో పెట్టుకుంటారు. బయటివాళ్లకి వింతగా ఉంటుందిగానీ మాకు అది వక్కాకు నమలడం లాంటిదే. రంగం పెద్దమ్మ మాత్రం నిప్పు బయటికి పెట్టి, మగవాడిలా కాల్చేది. సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి గంపలతో బస్సు దిగే చేపలామెలు టీ తాగుతూ ఆవిణ్ణి చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఒకరోజు నేనే అడిగేశాను.

“ఏటి పెద్దమ్మా, మొగోడి నాగ కాలుత్తన్నావు? అడ్డపొగ రాదా?”

“రాకపోడమేటి? మాయమ్మ నేర్పినాది. రంగంలో నాను అడ్డపొగే తాగీదాన్ని. బర్మా ఆడోళ్లు ఈదిలో గుంపుగా నిలబడి సూసీవోరు, కోరంగోళ్లు, అంటే మేమే, నిప్పు మింగేత్తన్నారని. ఆళ్లు నవ్వీకొద్దీ నాను ఇంకా గట్టిగా పట్టీదాన్ని.”

“మరి ఇక్కడికొచ్చి తిప్పేసినావేటి?”

“ఇక్కడ అందరూ అలగే కాలుత్తారు గదా. నానూ అలగే కాల్సితే, నానెవుల్నో నాకెలగ తెలుత్తాది?”

ఆ మాట అప్పుడు నాకు పొగరుగా అనిపించింది. ఇంకొకటి. సాయంత్రాలు సానరాయి మీద వెలగచెక్క అరగదీసి, ఆ గంధం రెండు బుగ్గల మీద బిళ్లల్లా పూసుకుని కూర్చునేది. బర్మా ఆడవాళ్ల అలంకారమట అది. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు, జీడి నూనెకి నల్లబడిన చేతులతో టీ గ్లాసు పట్టుకుని, ఆవిడకి ఏదో చర్మరోగం ఉందని చెప్పుకునేవారు. “రంగంలో కూడా ఇదే పూసుకునేదానివా?” అంటే, “సీ, అక్కడ పసుపే. ఇంత మందంగా పూసీదాన్ని,” అని వేలు మందం చూపించింది. చిన్న రొయ్యల్ని కుండలో మురగబెట్టి దాన్ని అన్నంలో కలుపుకునేది. మూత తీసిందంటే ఎండుచేపల మధ్య పుట్టి పెరిగిన చేపలామెలు కూడా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు. రంగంలో ఉన్నన్నాళ్లూ ఆ కుండ ఇంట్లోకి రానివ్వలేదట.

ఈ మనిషికి ఎక్కడున్నా అక్కడిది గిట్టదని మొదట అనుకున్నాను. అదీ కాదు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు బల్ల మీద కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని, ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది. దిగులున్న మనిషి అలా కాళ్లు చాపలేదు. అడిగి తేల్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. రంగం బాగుండేదా, ఇక్కడ బాగుందా అంటే, పొద్దున్న అడిగితే రంగం అనేది, అన్నం తిన్నాక అడిగితే ఇక్కడే అనేది. ఒకసారి విసుక్కుని, రెండూ కాదు, ఓడ మీద బాగుండేదంది.

“ఓడ మీదేటి?”

“అక్కడ మమ్మల్ని కోరంగోళ్లు అనీవోరు. కోరంగి ఎక్కడుందో నాను సూళ్ళేదు. ఇక్కడ బర్మావోళ్లు అంటన్నారు. ఓడలో ఉన్నన్ని దినాలూ మీరెక్కడోళ్లని ఎవులూ అడగనేదు. అందరం ఓడోళ్లమే.”

ఆ రోజుల్లోనే ఉద్దానం నుంచి గల్ఫుకీ, సింగపూరుకీ వెళ్లే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. టెక్కలి వైపు ఏదో ఒక షెడ్డులో మూడు నెలలు వెల్డింగు నేర్చుకోవడం, పాస్‌పోర్టు చేయించుకోవడం, పలాసలో రైలెక్కడం. రైలు లేటైతే పెద్దమ్మ కొట్టు దగ్గరే చేరేవారు. పైదేశంలో బతికిన మనిషి కాబట్టి ఆవిణ్ణి సలహా అడిగేవారు. ఆవిడ చెప్పే సలహా ఎప్పుడూ ఒకటే.

“ఇంటికి రాసినప్పుడు సుఖంగా ఉన్నానని రాయకు. ఓర్సుకోలేరు. కష్టంగా ఉందనీ రాయకు. తట్టుకోలేరు. వానల గురించి రాయి.”

“మస్కట్‌లో వానలుండవు పెద్దమ్మా.”

“అయితే ఇక్కడి వానల గురించి అడుగు.”

పూండి దగ్గర ఊరతను ఒకడు, మస్కట్‌లో క్రేన్లకి బరువులు కట్టే రిగ్గరు, రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ముందు ఆ కొట్టు దగ్గర ఆగి, టీ తాగి, తర్వాతే ఇంటికి ఆటో ఎక్కేవాడు. ఒకసారి అతను గ్లాసు ఖాళీ అయినా లేవలేదు. చుట్టూ చూశాడు. నేను నిచ్చెన మీద ఉండి ఏదో బోర్డుకి నీడ దిద్దుతున్నాను, వినపడదనుకున్నాడేమో.

“పెద్దమ్మా, నాకు అక్కడ బాగుంది,” అన్నాడు. దొంగతనం ఒప్పుకున్నట్టు. “ఏసీ రూము. మావోళ్లే నలుగురం. సుక్కురారం సెలవు. ఊరు గురుతు రాదు. ఇంటికి ఫోను సేసినప్పుడు మాయమ్మ ఏడుత్తాది, బావుకి ఎంత కష్టమో అని. నానూ ఏడుత్తాను. కానీ దొంగ ఏడుపు. తప్పంతావా?”

ఆవిడ చేతిలో గ్లాసు కడిగి బోర్లించింది.

“తప్పు కాదు బావూ. కానీ ఎవులికీ సెప్పకు. ఊరోళ్లకి నువ్వక్కడ ఏడుత్తన్నావంటేనే నువ్వు ఇక్కడోడివి.”

అతను తేలికపడి వెళ్లిపోయాడు. నేను నిచ్చెన మీదే ఉండిపోయాను. ఆవిడ చెప్పింది అతని గురించా, తన గురించా అని నాకు ఆ రోజంతా తేలలేదు.

ఆ తర్వాత ఆవిడ చూపు పోయింది. నీటికాసులన్నారు, ఇక రాదన్నారు. నీడలు తెలిసేవి, మనుషులు అడుగుల చప్పుడుతో తెలిసేవారు. టీ మాత్రం ఎప్పటిలాగే పెట్టేది, ఒక్క చుక్క ఒలికేది కాదు. అలాంటప్పుడు ఉత్తరం వచ్చింది.

విశాఖపట్నంలో రంగం నుంచి తిరిగి వచ్చినవాళ్ల కాలనీ ఒకటుంది. అక్కడ ఒక పెద్దాయన, పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మనుషులు అప్పుడప్పుడు రంగూన్ వెళ్లివచ్చేవారు. వాళ్ల చేతికి ఎవరో ఇచ్చిన కవరుని ఆయన ఇంకో కవర్లో పెట్టి పోస్టు చేశాడు. పెద్దమ్మ దాన్ని నా చేతిలో పెట్టి విప్పమంది. విప్పితే లోపలంతా సున్నాలే.

“ఇది బర్మా రాత పెద్దమ్మా. నాకెలగ వత్తాది?”

“నాకొచ్చు. తెలుగు రాతే రాదు.”

“ఎవులు రాసినారు?”

“మా సెల్లి.”

“నీకు సెల్లుందా?”

“సచ్చిపోనాది.”

“సచ్చిపోయినోళ్లు ఉత్తరాలు రాత్తారేటి?”

“ఇది రాసినాది మరి,” అని బల్ల మీద కూర్చుంది.

అప్పుడు చెప్పింది. రంగం వదిలిపెట్టాల్సి వచ్చిన నెలలో ఆవిడ చెల్లెలు ఒక బర్మా అతన్ని చేసుకుని ఓడెక్కలేదు. వీళ్లు వచ్చి పూండి దగ్గర తమ ఊళ్లో దిగితే, ఎన్నడూ చూడని బంధువులంతా గుమిగూడి రెండో పిల్ల ఏదని అడిగారు. తండ్రి రంగంలోనే పోయాడు, తల్లికి నోరు పెగల్లేదు. నిజం చెబితే ఇంట్లోకి రానిస్తారో లేదోనని భయం. అందుకని ఈవిడే అంది, ఓడెక్కకముందు జ్వరమొచ్చి పోయిందని. మా వైపు చావు మాట నోట్లోంచి వచ్చాక ఊరు ఊరుకోదు. దినాలు దాటిపోయాయి కాబట్టి పెద్దలు కూర్చుని ఒక రోజు చూసి, సముద్రం ఒడ్డున పిండాలు పెట్టించారు. ఆ బంధువులు మంచివాళ్లు. పరాయిదేశంలో దిక్కులేకుండా పోయిన పిల్ల అని జాలిపడి, ఏటా ఆ రోజున ఆమె పేరు మీద నలుగురికి అన్నం పెట్టడం మొదలుపెట్టారు. అది ఆగలేదు. ఏడాదికోసారి పెద్దమ్మ కొట్టు మూసి పూండి బస్సెక్కేది, సాయంత్రానికి వచ్చేసేది. బంధువుల ఇంటికి చుట్టపుచూపుగా వెళ్తోందని అనుకునేవాణ్ణి. బతికున్న చెల్లెలి తద్దినం అన్నం తినడానికి వెళ్లేదన్నమాట.

“ముద్ద దిగీది కాదు బావూ. తినకపోతే అనుమానపడతారు. మాయమ్మకీ, మా ఇంటాయనకీ, నాకే తెలుసు. ఆళ్లిద్దరూ పోనారు. ఇప్పుడు నీకు తెలిసినాది.”

“విశాఖ పెద్దాయనతో సదివించుకోరాదా?”

“అమ్మో! ఆయన మావోళ్లందరికీ సెప్తాడు. నీకైతే ఒక్క ముక్క తెల్దు. నువ్వే నయం.”

ఎడమ అరచెయ్యి నా ముందుకి చాపింది. నేను బ్రష్షు తిప్పి, వెనక కొసతో ఉత్తరంలో ఉన్న ఆకారాన్ని ఆ అరచేతిలో గీశాను. ఒక్కో అక్షరానికి ఆవిడ పరీక్ష పెట్టేది.

“సున్నాకి నోరెటేపుంది?”

“కిందకి.”

“తోకుందా?”

“ఉంది. ఎడం పక్కకి తిరిగింది.”

“మీద టోపీ?”

“నేదు.”

పెదాలు కదిపి, తలాడించి, గుప్పిట మూసి తెరిచేది. అంటే ఆ అక్షరం అయిపోయిందని, పలక తుడిచినట్టు. ఒక్క పేజీ ఉత్తరానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. మూడో రోజు ఆఖరి అక్షరం అయ్యాక చెయ్యి వెనక్కి తీసుకుని చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది.

“ఏటి రాసినాది?”

“వానలు బాగా పడ్డాయట.”

మూడు రోజులు వంగి గీస్తే నడుం పట్టేసింది, వానలట. నాకు కోపమొచ్చింది, కానీ ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. బదులు రాస్తే చచ్చిపోయిన చెల్లెలు బతికున్నట్టు ఒప్పుకోవాలి. రాయకపోతే రెండోసారి చంపినట్టు. వారం రోజులు ఆవిడ టీలో పంచదార వేయడం మరిచిపోయింది. ఎనిమిదో రోజు నన్ను పిలిచి, రాయమంది.

“నీకే రాయడం వచ్చు గదా. కాయితం మీద సెయ్యి నాను పట్టుకుంతాను.”

“వొద్దు. నా సేతి రాత అది గురుతు పట్టీకూడదు.”

చెయ్యి వణుకుతోందని సిగ్గుపడుతోందనుకున్నాను. ఈసారి నా అరచేతిలో ఆవిడ వేలు. గీసిన ఆకారాన్ని నేను ట్రేసింగు కాగితం మీద దించేవాణ్ణి. అయిదు మధ్యాహ్నాలు. నిజం చెప్పాలంటే నాకు సరదాగానే ఉండింది. డొంకూరు వైపు ఊళ్లలో నేను ఒడియా బోర్డులు బోలెడు రాశాను, ఒడియాలో నా పేరు కూడా చదవలేను. అర్థంతో నాకేం పని, వంపు కుదిరితే చాలు. ఇన్ని సున్నాలున్న భాష ఇంకెక్కడా దొరకదు. దళసరి తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో ఫెయిరు చేశాను. ఒక్క సున్నా కూడా వంకర పోలేదు. పెళ్లిశుభలేఖలా వచ్చింది. గుండ్రంగా వచ్చాయా అని ఆవిడ అడిగితే, ఇంత గుండ్రంగా మీ రంగంలో కూడా ఎవరూ రాసి ఉండరని గొప్పలు పోయాను.

“తిరుగు అడ్రసు నీదే ఎయ్యి. పోస్టుమేన్ నా కొట్టుకి రాడు.”

“ఏటి రాయించినావో ఇప్పుడైనా సెప్పు.”

“ఇక్కడా వానలు బాగా పడ్డాయని.”

ఆరు నెలలకి నా పేరు మీద కవరొచ్చింది. నా పేరు మీద పైదేశం నుంచి వచ్చిన ఉత్తరం అదొక్కటే. తీసుకెళ్లి, బ్రష్షు తిప్పి మొదలుపెట్టాను. సగం పైగా అయింది. ఒక అక్షరం దగ్గర ఆవిడ గుప్పిట మూసింది. తెరుస్తుందని చూశాను. తెరవలేదు. టీ పొంగి మీద పడి స్టవ్వు ఆరిపోయింది, అయినా కదల్లేదు. ఒక్క చుక్క ఒలకనివ్వని మనిషి.

“ఇంకా రెండు వరసలున్నాయి పెద్దమ్మా.”

“సాలు.”

“సదివీయ్, పోనీ.”

“సాలన్నాను గదా. నీ పేరు మీదొచ్చినాది, నీ కాడే ఉంచు.”

లేచి గోడ పట్టుకుని వెనక నూతి దగ్గరికి వెళ్లి, కట్టుకున్న చీరతోనే నెత్తిన నీళ్లు పోసుకుంది. ఎండ మండిపోతోంది కాబట్టి పోసుకుందనుకున్నాను. ఎంత తెలివితక్కువవాణ్ణి. మా ఇంట్లో చావు కబురొస్తే మా అమ్మ అలాగే పోసుకునేది, అది నాకు తట్టలేదు.

మర్నాటి నుంచి ఆవిడ చుట్ట తిప్పింది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మొదలుపెట్టింది. చేపలామెలు సంతోషించారు, ఇన్నాళ్లకి మనలో పడిందని. నేను మాత్రం ఏమిటిదని అడగలేదు. అడిగినా ఏం చెప్పేది, పొద్దున్న ఒకటి, అన్నం తిన్నాక ఒకటి. ఇంకో నాలుగేళ్లు బతికింది. వానాకాలంలో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. పూండి వైపు బంధువులు వచ్చి తీసుకెళ్లి అన్నీ పద్ధతిగా చేశారు. కొట్టు తీసేశారు. టీ అన్న బోర్డు నేను తెచ్చుకుని షెడ్డులో ఒక మూల పెట్టాను.

ఇదంతా గుర్తొచ్చి, ట్రేసింగు కాగితమూ కవరూ సంచిలో పెట్టుకుని విశాఖపట్నం వెళ్లాను. ఆ పెద్దాయన ఇంకా ఉన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి, కళ్లద్దాలు రెండు మార్చి, కాగితం ఎండలో పట్టుకున్నాడు.

“ముత్యాల్లాగున్నాయి. ఎవులు రాసినారిది?”

“నానే.”

“రాసినోడివి నన్నడుగుతావేటి?”

చెప్పాను. చెల్లెలి సంగతితో సహా అంతా విని, అర్థం తెలియకుండా రాశానన్నందుకు ఆయన నవ్వి చదవడం మొదలుపెట్టాడు. రెండో వరసలోనే నవ్వు ఆగిపోయింది. నా మొహం ఒకసారి చూసి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాడు.

‘అమ్మా, నేను మీ అక్క కొట్టు పక్కన బోర్డులు రాసేవాణ్ణి. మీ అక్క ఈ వానల్లో పోయింది. ఎక్కువ బాధపడలేదు. నువ్వు అడిగినవి పోయేముందు చెప్పి, నీకు రాయమంది. మీ నాన్న ఊరి పేరు ఇది. మీ ఇంటిపేరు ఇది. పిల్లలకి నేర్పు. ఇక్కడ నీ పేరు మీద ఏటా అన్నం పెడుతున్నారు. అందుచేత నువ్వు రాకు.’

బల్ల మీద నా ఎదురుగా కూర్చుని, టీ కాచి ఇస్తూ, నా అరచేతిలో గిలిగింతలు పెడుతూ ఆ మనిషి తన చావు తనే రాయించుకుంది. నేను వంపులు కుదిరాయని మురిసిపోతూ రాశాను. ఇంత గుండ్రంగా ఎవరూ రాయలేరని గొప్పలు కూడా పోయాను. ఆవిడ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత జాలీ కలగలేదు. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో నాకు తెలియదు, వచ్చాయి.

“ఎందుకిలగ సేసింది?” అన్నాను.

“ఆ సెల్లి వచ్చేత్తానని రాసుంటాది,” అన్నాడాయన. “వత్తే ఇక్కడ ఈళ్ల అబద్దం బయటపడిపోద్ది. పెద్దదాని కోసమే గదా వత్తాది. పెద్దది నేదంటే ఇంకెందుకు రావడం?”

కావచ్చు. నాకు ఇంకోటి తోచింది. చెల్లెలికి ఇక్కడ ఒక చావు పెట్టింది కాబట్టి, తను అక్కడ ఒక చావు పుచ్చుకుంది. సరికి సరి. కానీ అదీ నా ఊహే. ఊరి పేరు, ఇంటిపేరు మాత్రం దాచుకోకుండా ఇచ్చేసింది. తనకి ఈ తెలుగు నేల మీద ఉన్న ఆస్తి ఆ రెండే.

“మాకు ఆవిడ ఏడేళ్ల కిందటే పోయిందని కబురు,” అన్నాడు పెద్దాయన. “రంగం వెళ్లొచ్చిన మావోడు సెప్పినాడు, సెల్లెలు అక్క పేరు మీద సన్నేసులకి అన్నం పెట్టిందని. అయ్యో అనుకున్నాం. అప్పటికి ఆవిడ బతికే ఉందన్నమాట!”

కవరు ఆయన చేతికిచ్చాను. అది నాకు వచ్చిన ఉత్తరం. ఏడేళ్లుగా నా దగ్గరే ఉంది.

‘బాబూ, నువ్వెవరో నాకు తెలియదు. మా అక్క పక్కన ఉన్నందుకు దణ్ణం పెడుతున్నాను. ఊరి పేరు పిల్లలకి నేర్పాను. వాళ్లకి నోరు తిరగడం లేదు, అయినా రోజూ అంటున్నారు. అక్క పోయిందని తెలిసిన ఏడో రోజున సన్యాసుల్ని పిలిచి అన్నం పెట్టాను. అక్కకి ఇష్టమని పసుపు నీళ్లు కూడా చల్లాను.’

“ఇక్కడే,” అన్నాను. గుప్పిట మూసింది ఇక్కడే. ఆ తర్వాత రెండు వరసలున్నాయి.

పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

‘ఒక్క మాట అడుగుతాను, నిజం రాయి. నేను ఇక్కడ సుఖంగానే ఉన్నాను. అది అక్కకి ఎప్పుడూ చెప్పలేకపోయాను. మా అక్క అక్కడ సుఖంగా ఉండేదా?’

ఆయన కోడలు టీ తెచ్చి పెట్టింది. చల్లారిపోయింది. పక్కనే ఉన్నావు కదా, నీకు తెలిసి ఉంటుంది అన్నట్టు ఆ చెల్లెలు నన్ను అడిగింది. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలియదు. బల్ల మీద కాళ్లు చాపుకుని కూనిరాగం తీసిన మనిషి సుఖంగా ఉన్నట్టా? ఏటా దిగని ముద్ద దిగమింగి వచ్చిన మనిషి లేనట్టా? చివరి నాలుగేళ్లు నిప్పు నోట్లో పెట్టుకున్నది ఇక్కడిది అయిపోయా, రంగంలో తన అమ్మ పక్కన కూర్చున్నట్టు ఉండాలనా, నోరు కాల్చుకోవాలనా? ఏమీ తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

“ఆ సెల్లి ఇంకా ఉందో నేదో. ఉంటే సేరుత్తాను, మావోడు వచ్చే నెల ఎల్తన్నాడు,” అని పెద్దాయన కాగితం, పెన్ను తీశాడు. “ఏటి రాయమంతావు? సుఖంగా ఉండీదనా, నేదనా?”

పోయిందన్న కబురు ఎలాగూ నేను ఏడేళ్ల కిందటే రాసేశాను.

“మీరు ఒక కాయితం మీద రాసి నాకియ్యండి. నా సేత్తో దించుతాను,” అన్నాను. “ఇక్కడ వానలు బాగా పడ్డాయని.”

ఆయన నా మొహంలోకి చూసి రాసిచ్చాడు. ఒకే ఒక్క వరస. అక్కడే అరుగు మీద కూర్చుని, సంచిలో ఉన్న నల్ల ఇంకుతో దించాను. ఒక్కో సున్నాకి నోరు ఎటుందో చూసుకుంటూ, ఈసారి ఏం రాస్తున్నానో తెలిసి రాశాను. రెండు సున్నాలు వంకర పోయాయి. ఇంకో కాగితం మీద ఫెయిరు చేయబుద్ధి కాలేదు. అలాగే మడిచి ఇచ్చేసి పలాస రైలెక్కాను.

ఆ ఏడు అప్పటికి మా వైపు ఇంకా ఒక్క చినుకు కూడా పడలేదు.